లోపలున్నవారిని పిలవరాదు

మా వార్డులో ఇకమీదట ఎవరికీ గుండెజబ్బు రాకూడదని పోయిన ఏడాది పెద్దలు తీర్మానం చేశారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గుండెజబ్బు తరఫున మాట్లాడటానికి ఎవరూ రాలేదు.

దాన్ని అమలుచేసే భారం ఒక పరిశోధన మీద పెట్టారు. పరిశోధన అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. నేను చదివింది రెండో తరగతి, అందులోనూ సగం రోజులు మా చెల్లెల్ని ఎత్తుకుని బయటే నిలబడ్డాను. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన పెద్ద డాక్టరుగారు మైకులో చెబితే తెలిసింది. బీపీ ఎక్కువున్నవాళ్ళని మూడు వందల మందిని ఏరతారట. సగం మందికి బీపీ తగ్గించే కొత్త బిళ్ళ, మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి సుద్ద బిళ్ళ. ఎవరికి ఏది పడిందో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియకుండా పనులు జరగడం మా వార్డుకి కొత్త కాదు కాబట్టి అభ్యంతరాలు రాలేదు. మూడు నెలల తరవాత ఎవరికి ఎంత తగ్గిందో చూస్తారు. బీపీ తగ్గితే గుండె మీద బరువు తగ్గుతుంది, మనిషి నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాడు. ఇంతవరకూ నాకూ అర్థమైంది.

తరవాత మా వార్డు ప్రెసిడెంటుగారు లేచారు. "ఊరంతటిలోకీ రక్తపోటులో మన వార్డు ప్రథమ స్థానంలో నిలిచింది. ఇది ఏ ఒక్కరి వల్లో వచ్చింది కాదు. ఇంటింటా, ప్రతి ఒక్కరూ, ఏళ్ళ తరబడి చేసిన సమష్టి కృషి ఇది" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఆయన చెప్పింది ఎంత నిజమో ఆయనకి తెలియదు గాని, ఆ మాట మాత్రం నిజమే.

ఆ ఊపులో తొలి చెయ్యి తనదే చాపారు. నర్సమ్మ పట్టీ చుట్టి, గాలి కొట్టి, పైది నూట పద్దెనిమిది, కిందది డెబ్బయ్యారు అని పైకి చదివింది. ప్రెసిడెంటుగారి మొహం వాడిపోయింది. వార్డు భారమంతా మోస్తున్న మనిషికి బీపీ లేకపోవడమేమిటని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషనులో ఏదో లోపముందని మరో చెయ్యి ఇచ్చారు. మెట్లెక్కి దిగి వచ్చి ఇచ్చారు. కరెంటు ఆఫీసువాళ్ళతో ఫోనులో పోట్లాడి వచ్చి ఇచ్చారు. నూట ఇరవై దాటలేదు. చివరికి ఆయన్ని గౌరవ సభ్యుడిగా చేర్చుకున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మా ఇంట్లో నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు. అబ్బాయి బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని గంటలకి ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. వాడి కళ్ళజోడు ఎక్కడుంటుందో మాత్రం కోడలు చెప్పాలి. మనవరాలు కాలేజీ. దానికి ప్రపంచంలో ఉన్న సమస్తం ఆ చేతిలో ఫోనులో దొరుకుతుంది, జడ రబ్బరు ఒక్కటే వాళ్ళమ్మ దగ్గర దొరుకుతుంది. కోడలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. నలభై మిషన్లు ఒక్కసారిగా తిరిగే చోటు. అక్కడ కాలర్లు కుట్టి, ఇంటికొచ్చి మిగతావన్నీ కుడుతుంది.

నర్సమ్మ ఏరడానికి ఇళ్ళకీ షెడ్లకీ తనే తిరిగింది. కోడలికి మిషను ముందే, కుడుతుండగానే పట్టీ చుట్టి చూస్తే నూట అరవై ఎనిమిది, నూట నాలుగు. ఆ అంకె విన్నాక నాకు అన్నం సయించలేదు. దానికి కారణముంది. వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, ఆవిడా కుట్టుపనే చేసేది. నలభై తొమ్మిదో ఏట మిషను మీదే ఒరిగిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆ తరవాత ఉన్న మూడేళ్ళూ ఎడమచేత్తో దుప్పటి అంచు సవరిస్తూ కూర్చునేది. మా కోడలికి ఇప్పుడు నలభై ఆరు. లెక్క నాకు రెండో తరగతిదాకే వచ్చినా ఆ తీసివేత వచ్చు.

కోడలు పరిశోధనలో చేరింది. పదిహేను రోజులకోసారి వార్డు ఆఫీసు పైగదికి వెళ్ళి బీపీ చూపించుకోవాలి. ఆ గదికి పెద్ద డాక్టరుగారు స్వయంగా నియమాలు రాశారు. వచ్చినవాళ్ళు చేతుల కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు రెండూ నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు, ఎవరూ మాట్లాడించకూడదు. ఆ తరవాతే చూడాలి. తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు: "లోపలున్నవారిని పిలవరాదు."

బిళ్ళలు మొదలుపెట్టాక మొదటిసారి వెళ్ళినప్పుడు కోడలికి నూట ఇరవై ఆరు వచ్చింది. నర్సమ్మ నమ్మలేక పట్టీ మార్చి చూసింది. నూట ఇరవై నాలుగు. రెండోసారి వెళ్ళినప్పుడూ అంతే. బిళ్ళ అద్భుతంగా పనిచేస్తోందని మా ఇంట్లో అంతా సంతోషించాం. పక్కింటామెదీ తగ్గింది. పాలబూతు ఆమెదీ తగ్గింది. వార్డులో ఆడవాళ్ళందరిదీ తగ్గింది. కొత్త బిళ్ళవాళ్ళదీ తగ్గింది, సుద్ద బిళ్ళవాళ్ళదీ తగ్గింది. ఒకావిడ ఏ బిళ్ళా మింగకుండా డబ్బాలో దాచుకుందని బయటపడింది, ఆవిడదీ తగ్గింది.

మగవాళ్ళలో మాత్రం పరిశోధన పుస్తకంలో రాసినట్టే నడిచింది. కొత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళకి తగ్గింది, సుద్ద బిళ్ళవాళ్ళకి తగ్గలేదు. అయిదు నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోవడం వాళ్ళకేమీ కొత్త కాదు గదా.

నా మాట కూడా చెప్పాలి. నేనూ చేరాను. మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోబెడితే నాది నూట డెబ్బయ్యైదుకి ఎక్కింది. నర్సమ్మ జాలిపడి మాట్లాడనిస్తే, మా మేనత్త కొడుకు పెళ్ళిలో వంటపాత్రలు తారుమారైన వైనం సగం చెప్పేసరికి నూట నలభైకి దిగింది. దాన్ని పుస్తకంలో "ఇతరములు" అనే గడిలో రాసుకున్నారు.

ఆ కొత్త బిళ్ళ పెద్ద డాక్టరుగారి పదహారేళ్ళ శ్రమ. ఆయనకి నిద్ర కరువైంది. కమిటీ కూర్చుంది. ఆడవాళ్ళలో బిళ్ళకీ సుద్దకీ తేడా లేకుండా పోవడానికి కారణం కుర్చీ అని మొదట తేల్చారు. కుర్చీని పరీక్షకి పంపి ఇంకోటి తెచ్చారు. మార్పు లేదు. గోడకున్న నీలంరంగు మీద అనుమానం వచ్చి తెల్లసున్నం కొట్టించారు. మార్పు లేదు. కిటికీ మూయించారు. ఎవరో ఒకరు ఆడవాళ్ళని అడిగితే సరిపోయేది, కాని అది నియమాల్లో లేదు.

ఈలోగా పైగదికి వెళ్ళే మెట్ల మీద రద్దీ పెరిగింది. బీపీ లేని ఆడవాళ్ళు కూడా మాకెందుకు లేదని నిలదీశారు. అయిదు నిమిషాల కూర్చోబాటుకి అరగంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. పాలబూతు ఆమె నర్సమ్మని పక్కకి పిలిచి, బిళ్ళలు ఎవరికైనా ఇచ్చుకోండి, నాకు కుర్చీ ఒక్కటి రాసిపెట్టండి చాలు అని బతిమాలిందట.

ఆ గదిలో ఏముందే అని ఒకరోజు కోడల్ని అడిగాను. బట్టలు మడతపెడుతూ ఆలోచించింది.

"ఏమీ లేదత్తయ్యా. అక్కడ ఎవరూ పిలవరు" అంది.

ఆ మాట చెప్పేలోపే లోపల్నించి అబ్బాయి పిలిచాడు, వెళ్ళిపోయింది.

పరిశోధనకి పదకొండో నియమం ఒకటుంది. వరసగా మూడుసార్లు బీపీ మామూలుగా ఉన్నవాళ్ళని ఆరోగ్యవంతులుగా ప్రకటించి, బిళ్ళలు ఆపి, పంపేయాలి. ఆ ప్రకారం కోడలికి రక్తపోటు నుంచి విముక్తి పొందినట్టు ధ్రువపత్రం ఇచ్చారు. కింద ప్రెసిడెంటుగారి సంతకం. మా అబ్బాయి దానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు. మంచి పని చేశాడు. అప్పటినుంచి ఇంట్లో చాలా సదుపాయంగా ఉండేది. కోడలు తలనొప్పి అంటే పటం చూపించేవాళ్ళం. కళ్ళు తిరుగుతున్నాయంటే పటం చూపించేవాళ్ళం. ఆస్పత్రివాళ్ళే లేదని రాసిచ్చాక నీకెక్కడిదోయ్ అని అబ్బాయి నవ్వేవాడు. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ నెల్లోనే ఒక మధ్యాహ్నం షెడ్డులో కోడలికి కళ్ళముందు కాలరు రెండుగా కనిపించిందట. ఏది నిజం కాలరో తేల్చుకునేలోపు సూది బొటనవేల్లో దిగింది. వేలికి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చి, ఏం కాలేదని చెప్పి, ఎడమచేత్తో గిన్నెలు సర్దింది.

ఆ ఎడమచెయ్యి చూశాక నాకు వియ్యపురాలు గుర్తుకొచ్చింది. మేకు నుంచి పటం పీకి సంచిలో వేసుకుని పైగదికి వెళ్ళాను. బోర్డు చూశాను. లోపలున్నవారిని పిలవరాదంది కాబట్టి పిలవకుండానే తలుపు తోశాను. పటం బల్ల మీద పెట్టి, దీన్ని మీరే ఉంచుకోండి, నా కోడల్ని నాకు బాగుచేసి ఇవ్వండి అన్నాను. పెద్ద డాక్టరుగారు పదకొండో నియమం చదవబోయారు. నర్సమ్మ మాత్రం కోడలికి షెడ్డులో వచ్చిన అంకె పుస్తకంలో వెతికి, గదిలో వచ్చిన అంకె పక్కన వేలు పెట్టింది. తరవాత బీరువా తెరిచి ఒక డబ్బా తీసింది.

"మామ్మగారూ, ఇది గదిలో చూసేది కాదు. ఇంట్లో చూసేది" అంది.

జబ్బకి ఒక పట్టీ, దానినుంచి గొట్టం, నడుముకి కట్టుకునే నల్ల డబ్బా. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచుకోవాలి. అరగంటకోసారి అదే గాలి నింపుకుని అదే చూసుకుంటుంది. ఆ నిమిషం చెయ్యి కదలకూడదు. ఆ సమయానికి ఏం జరుగుతోందో ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. రాయడానికి కోడలికి తీరిక ఉండదు కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చారు. నా వయసులో మొదటి ఉద్యోగం.

సెలవురోజు చూసి కట్టారు, విశ్రాంతిగా ఉంటుందని. డబ్బా బుర్రుమన్నప్పుడల్లా కోడలు ఉన్నచోటే ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మేమంతా ఎందుకాగావని అడిగేవాళ్ళం. నేను తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని, లావుపాటి అక్షరాలతో, ఏం జరిగితే అది రాశాను. ఎవరి పక్షమూ వహించలేదు.

మర్నాడు పైగదిలో మా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి నర్సమ్మ నా పుస్తకమూ డబ్బా చెప్పిన అంకెలూ కలిపి చదివింది. ఆరున్నర, భుజం మీదున్న తువ్వాలు ఎక్కడుందని భర్త అడిగారు, నూట అరవై రెండు. ఏడున్నర, కూతురు జడ రబ్బరు గురించి ఏడ్చింది, నూట యాభై ఎనిమిది. తొమ్మిదిన్నర, స్నానాలగదిలో గడియ వేసుకుంది, నూట ఇరవై ఎనిమిది. పది, ఇంకా ఎంతసేపని ముగ్గురూ తలుపు కొట్టారు, నూట అరవై ఆరు. పదకొండున్నర, బీపీ తగ్గినందుకు అభినందించడానికి ప్రెసిడెంటుగారు వచ్చి రెండు గంటలు కూర్చున్నారు, నూట డెబ్బై.

అబ్బాయి తలదించుకున్నాడు. పాపం, వాడు తన కాలిగోళ్ళ వైపే చూస్తుంటే నాకే జాలేసింది. మరీ అంత గొంతేసుకుని పిలవకూడదురా అని మందలించాను కూడా.

నర్సమ్మ పేజీ తిప్పింది. అన్నిటికంటే పెద్ద అంకె సాయంత్రం నాలుగు గంటలదట. నూట ఎనభై నాలుగు, నూట పది. ఆ గంటకి ఎదురుగా ఏం రాసుందో ఆవిడ చదవలేదు. పుస్తకం నాకే ఇచ్చింది. నా అక్షరాలే. "అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని విశ్రాంతి ఎంత అవసరమో గంట నుంచి చెబుతున్నారు."

ఆ గదిలో ఎవరూ చెప్పకుండానే అయిదు నిమిషాలు మాట్లాడకుండా నేను కూర్చున్నది ఆ ఒక్కరోజే.

డబ్బా చూపించిన కాగితం చూసి పెద్ద డాక్టరుగారు ధ్రువపత్రం రద్దుచేశారు. సుద్ద కాని అసలు బిళ్ళ రాశారు, రోజూ మానకుండా వేసుకోమన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. బిళ్ళ సగం పనే చేస్తుందని, మిగతా సగం ఇంటివాళ్ళు చెయ్యాలని మా వైపు చూసి చెప్పారు. అందరం తలలూపాం.

ఇంటికి రాగానే అబ్బాయి కాలపట్టిక రాసి గోడకి అంటించాడు. మేకు ఖాళీగానే ఉంది కాబట్టి సులువైంది. రోజూ షెడ్డు నుంచి వచ్చాక, సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ పదిహేను వరకు కోడలికి నిశ్శబ్ద సమయం. ఆ అయిదు నిమిషాలూ ఎవరూ పిలవకూడదు. చక్కగా పాటించాం. అప్పుడు పిలవకూడదు కాబట్టి నాలుగూ అయిదు నుంచే అందరం ఒకేసారి పిలిచేసుకునేవాళ్ళం. నాలుగూ పన్నెండుకి అబ్బాయి గుమ్మంలోంచి తొంగిచూసి, కూర్చున్నావా, బాగా కూర్చున్నావా అని కనుక్కునేవాడు.

నెల తరవాత, కోడలు షెడ్డుకి సెలవు పెట్టిన రోజున, నర్సమ్మ మళ్ళీ ఆ డబ్బా కట్టింది, పగటివరకే. ఈసారి మా ఇల్లు చూసి తీరాలి. తన పేరు పుస్తకంలోకి ఎక్కుతుందని ఎవరి భయం వాళ్ళది. అబ్బాయి కళ్ళజోడు తనే వెతుక్కున్నాడు. దొరకలేదు గాని వెతుక్కున్నాడు. మనవరాలు జుట్టు విరబోసుకునే కాలేజీకి వెళ్ళింది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. డబ్బా బుర్రుమంటే ఫ్యాను కూడా ఆపేశాం. రోజంతా నూట ముప్పై నాలుగు దాటలేదు. బిళ్ళ పనిచేసింది, మేమూ పనిచేశాం. సాయంత్రం డబ్బా విప్పి నర్సమ్మ తీసుకుపోయింది. ఆవిడ వీధి మలుపు తిరక్కముందే లోపల్నించి కేక వినిపించింది.

"ఏమోయ్, నా తువ్వాలేదీ?"

కోడలు వెళ్ళి తీసిచ్చింది. మర్నాడు షెడ్డు నుంచి వచ్చేటప్పటికి జబ్బకి మళ్ళీ నల్లపట్టీ, నడుముకి నల్లడబ్బా ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఉంచుకోమన్నారా అని అబ్బాయి అడిగితే, ఉంచుకోమన్నారండీ అంది. ఎన్నాళ్ళు అంటే, చెప్పలేమన్నారండీ అంది. అప్పటినుంచి ఎవరైనా పిలిస్తే కోడలు ఉన్నచోటే ఆగి, చెయ్యి కదపకుండా, రెండో చెయ్యి ఎత్తుతుంది. ఇల్లు గప్‌చుప్. నిమిషం తరవాత చెయ్యి దించుతుంది. ఈలోగా తువ్వాలు దానంతటదే దొరుకుతుంది.

ఒకరోజు కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పట్టీ డబ్బాతో సహా కొక్కేనికి వేలాడుతోంది. ఎందుకో చేతిలోకి తీసుకుని చూశాను. కుట్టు చూస్తేనే తెలిసిపోయింది. యూనిఫారం నిక్కరు గుడ్డ, అంచున కాలరు కుట్టు. డబ్బా మూత తీస్తే లోపల రెండు ఉత్తి దారపు రీళ్ళు, బరువు కోసం. యథాతథంగా మూతపెట్టి తగిలించాను. వెనక్కి తిరిగితే కోడలు తల తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"చెబుతారా అత్తయ్యా?" అంది.

చెప్పడానికి బోలెడుంది. నోరు తెరిచాను. కోడలు చెయ్యెత్తింది. మూసుకున్నాను.

పరిశోధన ఫలితాలు కూడా వచ్చాయి. మగవాళ్ళ విషయంలో కొత్త బిళ్ళ అమోఘమని, ఆడవాళ్ళ విషయంలో గది కారణంగా ఏమీ తేల్చలేకపోయామని నివేదిక. గది చక్కటి నీడపట్టున ఉంది కాబట్టి దాన్ని ప్రెసిడెంటుగారి విశ్రాంతి కోసం కేటాయించారు. తరవాతి పరిశోధనలో ఇలాంటి చిక్కులు రాకుండా మగవాళ్ళని మాత్రమే తీసుకుంటారట.

షెడ్డులో నలభై మిషన్లున్నాయని చెప్పాను గదా. ఇప్పుడు మా వార్డులో ఏ వీధిలో చూసినా ఆడవాళ్ళ జబ్బలకి నల్లపట్టీలే. పాలబూతు ఆమెకి ఒకటి, పక్కింటామెకి ఒకటి, ప్రెసిడెంటుగారి భార్యకి రెండు. ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి. చివరికి తమ ఇంట్లోనూ బీపీ ఉందని ఆయన ఇప్పుడు తలెత్తుకు తిరుగుతున్నారు. మొన్న పెద్ద డాక్టరుగారు అటుగా వెళుతూ ఇదంతా చూసి, స్త్రీలలో ఇంత చైతన్యం ఎక్కడా చూడలేదని మైకు లేకపోయినా ప్రసంగించారు. మా కోడలికి నలభై ఏడు నిండాయి. అసలు బిళ్ళ మానకుండా వేసుకుంటోంది, అంకె నూట ముప్పై చుట్టూ తిరుగుతోంది.

మీకు చెప్పేది ఒక్కటే. రేపో మాపో మీ ఇంట్లో ఆవిడ కూడా చేతికి పట్టీ, నడుముకి డబ్బా కట్టుకుని కనిపించవచ్చు. లోపల ఏముందోనని మూత తీసి చూడకండి. ఏమీ లేదని తెలిస్తే మళ్ళీ పిలుస్తారు.